సానరాయి: పనిముట్ల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు తగ్గి దసరా వెళ్లిన నెల ఇది. తుప్పు మీద ఉత్తరాలు ఎప్పుడూ ఈ రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి. ఈసారి వాటితో పాటు కుట్టు మిషన్ గురించి అడిగినవారూ చాలామంది ఉన్నారు. అందుకని ఆ జవాబు కాస్త పొడుగ్గా ఇస్తున్నాం.

ప్రశ్న: మా అత్తగారి తొక్కుడు మిషన్ నాలుగేళ్లుగా మూలన పడి ఉంది. మొన్న తీసి తొక్కబోతే చక్రం బిగుసుకుపోయింది. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేశాను. రెండు రోజులు బాగానే తిరిగి మళ్లీ మొరాయించింది. పైగా గుడ్డ కింది వైపు దారం ఉండలు ఉండలుగా పడుతోంది. "పాత ఇనుముకి వేసేసి కొత్తది కొనుక్కోండి" అంటున్నారు అందరూ. బాగు చేయించడం దండగేనా?
– ఒక పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: దండగ కాదండీ. ఆ నల్ల మిషన్ల ఒళ్లంతా పోత ఇనుము. లోపలి షాఫ్టులు ఉక్కువి, ప్లాస్టిక్ పళ్లచక్రాలు ఉండవు. నూనె అందుతున్నంత కాలం వాటిలో అరిగేది చాలా తక్కువ. అరగడానికని పెట్టిన భాగాలు వేరే ఉన్నాయి: సూది, బాబిన్ కేసు (కింది దారపు చుట్ట కూర్చునే డబ్బీ), తోలు బెల్టు, బాబిన్‌కి దారం చుట్టే చోట ఉండే రబ్బరు రింగు. ఇవి నాలుగూ విడిగా దొరుకుతాయి, చేత్తోనే మార్చుకోవచ్చు. మీ మిషన్ అరగలేదు, పట్టేసింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ముందు కొబ్బరినూనె సంగతి. అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. మన హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో సీసాలో గడ్డకట్టే నూనె మిషన్ లోపల కూడా గడ్డే కడుతుంది. పల్లీనూనె, పొద్దుతిరుగుడు నూనె గడ్డకట్టవు కానీ గాలి తగిలి నెమ్మదిగా లక్కలా తయారవుతాయి. మీ మిషన్ రెండు రోజుల్లోనే మొరాయించిందంటే కారణం చలి కాదు, లోపల ముందే చేరిన జిగురు. మీరు వేసిన నూనె దాన్ని కాస్త మెత్తబరిచింది, ఆపైన పీచుతో కలిసి మళ్లీ ముద్దకట్టింది.

దీన్ని విడిపించడానికి ఒక రాత్రి, మర్నాడు ఒక గంట చాలు. మొదట సూది కింద తిరిగే షటిల్ తీసి చూడండి. బాబిన్ కేసు బయటికి లాగి, రెండు వైపులా ఉన్న చిన్న గొళ్లాలు తిప్పితే రింగు ఊడుతుంది, దాని వెనక షటిల్ ఉంటుంది. చక్రం కదలకపోవడానికి చాలాసార్లు అక్కడ ఇరుక్కున్న దారం ముక్కే కారణం. తర్వాత సూది కింది ప్లేటు మరలు విప్పండి. గుడ్డను వెనక్కి లాగే పళ్ల మధ్య పీచు అట్టకట్టి ఉంటుంది, దాన్ని పాత టూత్‌బ్రష్‌తో, గట్టిగా ఉంటే సూదిమొనతో తీసేయండి. మిషన్ కింద వార్తాపత్రిక పరిచి, పైనున్న ప్రతి నూనె కన్నంలోనూ, తల వెనక్కి వాల్చి అడుగున లోహం మీద లోహం తిరిగే ప్రతి చోటా రెండు మూడు చుక్కల కిరోసిన్ వేయండి. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. ఇలాగే రాత్రంతా వదిలేయండి. కరెంటు మోటరు తగిలించిన మిషన్ అయితే మోటరుకి మాత్రం కిరోసిన్ తగలనివ్వొద్దు.

పొద్దున చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించండి. బలం పెట్టకండి. ఎక్కడైనా ఆగితే అక్కడ ఇంకో చుక్క వేసి అరగంట ఆగండి. తిరగడం మొదలయ్యాక దారం లేకుండా, గుడ్డ లేకుండా, ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే ఇనుప పాదం) పైకెత్తి ఐదు నిమిషాలు తొక్కండి. నల్లటి ద్రవం కారుతుంది, తుడిచేయండి. ఆ నలుపు పోయేదాకా మళ్లీ చేయండి. కిరోసిన్ జిగురును కడుగుతుందే తప్ప కందెనగా పనికిరాదు. కాబట్టి కడిగిన వెంటనే మిషన్ ఆయిల్ (నీళ్లలా పల్చగా, రంగు లేకుండా ఉండేది) కన్నానికి ఒక్క చుక్క, షటిల్ తిరిగే గాడిలో ఒక చుక్క వేయాలి. ఎక్కువ వేస్తే మేలు లేదు, మిగిలినదంతా పీచును పట్టి ఉంచుతుంది. మొదటి అరగంట చింకి గుడ్డ మీదే కుట్టండి, నూనె మరకలు దానికి పోతాయి.

ఇక ఉండలు. గుడ్డ కింద ఉండలు పడితే చాలామంది కింది బాబిన్‌ను అనుమానిస్తారు. తప్పు సాధారణంగా పై దారానిది. ఫుట్ కిందికి దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల (దారాన్ని బిగించి పట్టే బిళ్లలు) మధ్యకి దిగదు. ఫుట్ పైకెత్తినప్పుడే ఆ బిళ్లలు విడతాయి. అందుకని ఫుట్ ఎత్తి, దారం మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. బిళ్లల మధ్య పీచు ఉన్నా పట్టు ఉండదు, మడిచిన పల్చటి గుడ్డను వాటి మధ్య రెండుసార్లు లాగండి. అప్పటికీ తగ్గకపోతే బాబిన్ కేసును దారంతో గాల్లో వేలాడదీయండి. సొంత బరువుకి జారకూడదు. చెయ్యి చిన్నగా కుదిపితే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. బరబరా జారితే దాని మీది బుల్లి మరను పావు చుట్టు బిగించండి, అంతకు మించొద్దు.

సూదికి పొడవునా ఒక వైపు గాడి ఉంటుంది. దారం ఆ వైపు నుంచే కన్నంలోకి రావాలి, చదును వైపు దానికి ఎదురుగా ఉండాలి. తిరగబడితే కుట్లు తప్పుతాయి. మామూలు నూలు బట్టకు 14 నంబరు, పల్చటి పట్టు, జార్జెట్‌కి 11, జీన్స్‌కి 16. ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చేయండి. గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్ అని చప్పుడు వస్తే అది మొద్దుబారినట్టే. బెల్టు వదులైతే కొత్తది అక్కర్లేదు, సెంటీమీటరు కోసి అదే కొక్కెంతో మళ్లీ కలపండి.

బాగు చేయడం నిజంగా దండగయ్యే సందర్భం కూడా చెప్పాలి. పోత ఇనుములో పగులు ఉంటే వదిలేయండి. సూది కడ్డీని వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపి చూడండి, కంటికి కనబడేంత ఆడుతుంటే మెకానిక్ ఖర్చు ఎంతో ముందే అడిగి ఆలోచించుకోండి.

ప్రశ్న: వీధిలోకి వచ్చే సానపట్టే అతని దగ్గర కత్తులు, కత్తిపీట పట్టిస్తున్నాం. మొదటి రోజు బ్రహ్మాండంగా తెగుతాయి. వారం తిరక్కుండానే టమాటా కూడా నలుగుతుంది. స్టీలు నాసిరకమా?
– బర్కత్‌పుర నుంచి ఒకరు

జవాబు: స్టీలును తిట్టే ముందు అంచు మీద రంగు చూడండి. పొడి చక్రం మీద గట్టిగా నొక్కిపెడితే నిప్పురవ్వలు లేస్తాయి, అంచు వేడెక్కుతుంది. దాదాపు 300 డిగ్రీలకు చేరితే ఉక్కు నీలం తేలుతుంది. కమ్మరి కొలిమిలో పెట్టి నీళ్లలో ముంచి ఇచ్చిన పదను ఆ మేరకు పోయినట్టే. మెత్తబడిన ఉక్కుకి ఎంత సాన పట్టినా అంచు నిలవదు. ఆ నీలం భాగం అరిగి లోపలి మంచి ఉక్కు బయటపడేదాకా ఇదే తంతు. అతని దగ్గరే పట్టించుకుంటానంటే పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, ప్రతి రెండు మూడు ఒత్తుల తర్వాత కత్తిని ముంచమని చెప్పండి. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పదో ఇరవయ్యో ఎక్కువ ఇవ్వండి.

ఇంట్లో పట్టుకోవడం ఇంకా మేలు. హార్డ్‌వేర్ షాపుల్లో ఒక వైపు గరుకు, ఇంకో వైపు నున్నగా ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. ఎనిమిది అంగుళాలది తీసుకోండి, ఆరంగుళాలది కత్తికి చాలదు. నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా ఉంచండి. తడిగుడ్డ మీద పెడితే జారదు. అసలు విషయం వాలు. అలుగు వెడల్పు నాలుగు సెంటీమీటర్లుంటే, దాని వీపు రాయికి ఒక సెంటీమీటరు పైన ఉండాలి. అది సుమారు 15 డిగ్రీల వాలు. కూరగాయల కత్తికి అంతే చాలు, ఎముకలు కొట్టే కత్తికి ఇంకాస్త ఎత్తాలి. మొదట్లో ఒక సెంటీమీటరు మందాన అట్టముక్కలు పేర్చి, వాటి ఎత్తుతో వీపును సరిచూసుకుంటూ ఉండండి.

గరుకు వైపు ఒక పక్కనే రుద్దుతూ పోండి. ఎప్పుడు ఆపాలో లెక్కతో తెలియదు, వేలితో తెలుస్తుంది. రెండో పక్క అంచు నుంచి బొటనవేలిని అడ్డంగా (పొడవునా కాదు, తెగుతుంది) బయటికి జారిస్తే సన్నటి పొలుసు తగులుతుంది. మడమ నుంచి మొన దాకా ఆ పొలుసు తగిలాకే తిప్పాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. పొలుసు రాకముందే పక్క మార్చేస్తారు, ఎంత రుద్దినా పదును రాదు. రెండో పక్క కూడా అయ్యాక నున్న వైపు మీద బలం తగ్గిస్తూ చెరో పక్క ఐదు, చెరో పక్క మూడు, చెరో పక్క ఒకటి. చివర పొలుసు ఊడిపోవడానికి పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి.

కత్తిపీట అలుగు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దాన్ని రాయి దగ్గరికి తీసుకురాలేం, రాయినే దాని దగ్గరికి తీసుకెళ్లాలి. పీటను కాలితో తొక్కి, అలుగు వీపు మీవైపు ఉండేలా కూర్చుని, చిన్న రాయితో వీపు నుంచి అంచు వైపు తోయండి. కొబ్బరికోరు పళ్లకు మూడు పలకల సన్న ఆకురాయి, పన్నుకు రెండు తోపులు. పాత కత్తిపీటలు మామూలు ఉక్కువి. చింతపండు, నిమ్మకాయ తగిలితే నల్లబడతాయి. ఆ నలుపు చెడ్డది కాదు, గీకి తీయకండి. ఎర్రతుప్పు మాత్రం రానివ్వొద్దు. వాడాక కడిగి, తుడిచి, వేలితో కొబ్బరినూనె రాయండి. కుట్టు మిషన్‌కు వద్దన్న నూనె ఇక్కడ మంచిదే, తినేదానికి తగిలినా పర్వాలేదు.

రోజూ చేయాల్సినది మాత్రం పావు నిమిషం పని: పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద చెరో పక్క నాలుగుసార్లు. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోయడం మానండి. సింకులో గిన్నెల మధ్య పడేయడం కూడా.

ప్రశ్న: సార్, నేను బోయిన్‌పల్లిల వడ్రంగి పని చేస్త. వానాకాలం వస్తే ఉలులకు, రందాకు జంగు పడుతది. కాగితంతోని రుద్దుతున్న గని మల్ల వస్తది. రంపం సుత కట్టెల ఇరుక్కపోతుంది. ఏం జెయ్యాలె?

జవాబు: ఎమరీ కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు గీతలూ పడతాయి. ఆ గీతల్లో తేమ నిలిచి మళ్లీ అక్కడే పడుతుంది. దానికి బదులు నిమ్మ ఉప్పు వాడండి. కిరాణా హోల్‌సేల్ షాపుల్లో, బేగంబజార్‌లో అయితే తప్పకుండా, దొరుకుతుంది. లీటరు నీళ్లకు 50 గ్రాములు. ప్లాస్టిక్ డబ్బాలో కలిపి, ఉలి ఇనుము మాత్రమే మునిగేలా నిలబెట్టండి, పిడి తడవకూడదు. రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడండి. రాత్రంతా మర్చిపోతే మంచి ఉక్కును కూడా తినేస్తుంది. తీశాక తినే సోడా కలిపిన నీళ్లతో కడగాలి, లేదంటే మిగిలిన పులుపు వల్ల పది నిమిషాల్లో నారింజ రంగు పొర వస్తుంది. వెంటనే ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే నూనె గుడ్డతో తుడవండి. జింకు పూత ఉన్న వస్తువుల్ని మాత్రం ఇందులో వేయొద్దు, పూత కరిగిపోతుంది.

జంగు మళ్లీ రావడానికి అసలు కారణం ఎక్కువగా సంచిలో ఉంటుంది. చెక్కపొట్టు గాలిలోని తేమ పీల్చి ఉక్కుకు అంటుకుని ఉంటుంది. సాయంత్రం పని దిగేటప్పుడు పొట్టు దులిపి, నూనెలో తడిపి పిండిన గుడ్డతో ఒక్కో ఉలినీ ఒకసారి తుడిచి పెట్టండి. పది ఉలులకు రెండు నిమిషాలు. గోనెసంచి వద్దు, అది తడి వదలదు.

ఉలికి రెండు వాలులు గుర్తుపెట్టుకోండి: చక్రం మీద 25 డిగ్రీలు, రాయి మీద చివరి అంచుకు 30. ఉలి వీపు పూర్తిగా చదునుగా ఉండాలి. వీపు గుండ్రంగా అరిగిన ఉలి ఎంత పదునున్నా చెక్కలో తొలిచే గాడి గోడను సూటిగా కోయదు.

రంపం ఇరుక్కోవడం పళ్ల 'సెట్' పోవడం వల్ల. పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంగి ఉండాలి. అప్పుడే అవి కోసే గాడి రేకు మందం కన్నా వెడల్పుగా వచ్చి, రేకు వదులుగా ఆడుతుంది. వెడల్పు రేకు మందానికి ఒకటిన్నర రెట్లు దాటనివ్వొద్దు. పచ్చి కట్టెకు కాస్త ఎక్కువ, ఆరిన టేకుకు తక్కువ. పన్ను మొత్తం వంచకండి, పై సగమే. మొదలుదాకా వంచితే విరుగుతుంది. సెట్ పెట్టాక మూడు పలకల ఆకురాయితో ప్రతి పన్నుకూ లెక్కగా రెండేసి తోపులు. ఒకదానికి రెండు, ఇంకోదానికి ఐదు పడితే పళ్ల ఎత్తు తేడా వచ్చి, పొడవైన పళ్లే పని చేస్తాయి. గాడి ఒక పక్కకి పోతుంటే ఆ పక్క పళ్లకు సెట్ ఎక్కువైనట్టు. ఆ వైపు రేకు మీద సానరాయిని పడుకోబెట్టి ఒక్కసారి మెల్లగా లాగండి.

ప్రశ్న: మిద్దెతోట కోసం తెచ్చిన పార, చిన్న గొడ్డలి కామలు ఎండాకాలం వచ్చేసరికి ఊగుతాయి. నీళ్లలో నానబెడితే బిగుస్తున్నాయి, పది రోజులకు మళ్లీ అంతే.
– నాచారం

జవాబు: నానబెట్టడమే దాన్ని పాడు చేస్తోంది. నీళ్లు పీల్చి కర్ర ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది కాబట్టి బయటికి పోలేక దాని నార లోపలికి నలుగుతుంది. ఆరాక ముందున్న దానికన్నా సన్నబడుతుంది. ప్రతిసారీ ఇంకొంచెం వదులు.

ఏప్రిల్ ఎండల్లో, కర్ర బాగా ఆరినప్పుడే బిగించుకోవాలి. గొడ్డలిని తలకిందులుగా, కామ చివర పైకి ఉండేలా పట్టుకుని ఆ చివర మీద కర్ర సుత్తితో కొట్టండి. ఇనుము బరువుకి అది ఉన్నచోటే ఉండి, కామ లోపలికి దిగుతుంది. తర్వాత కామ తలలో రంపంతో చీలిక పెట్టి (కన్నం లోతులో మూడింట రెండు వంతులు) ఎండిన తుమ్మ చెక్క చీల దిగ్గొట్టండి. మేకులు కొట్టొద్దు, కర్రను చీలుస్తాయి.

పెయింట్ షాపులో దొరికే అవిసెనూనె కామకు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. చీల కొట్టిన తల మీద ఎక్కువగా పట్టించండి, తేమ వెళ్లేదీ వచ్చేదీ అక్కడి నుంచే. ఒక హెచ్చరిక: అవిసెనూనె అంటిన గుడ్డలు ముద్దచేసి పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట విడదీసి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి. ఇది బెదిరింపు కాదు, నిజంగా జరిగే ప్రమాదం.

ప్రశ్న: మిక్సీలో గారెల పిండి రుబ్బితే కాలిన వాసన వస్తోంది. జార్ అడుగున నల్లటి తడి. కల్లుప్పు వేసి తిప్పితే బ్లేడ్లు పదునెక్కుతాయంటారు, నిజమేనా?
– గృహిణి, మల్కాజిగిరి

జవాబు: ఉప్పుతో పదును రాదు. జార్ లోపల గీతలు పడతాయి, అంతే.

నల్లటి తడిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జార్ అడుగున బ్లేడు ఇరుసు తిరిగే బుష్, దాని సీలు అరిగాయి. పిండి నీళ్లు అక్కడి నుంచి కారి నేరుగా మోటరు మీదికి దిగుతాయి, బేరింగ్ తుప్పు పడుతుంది. జార్ బోర్లించి ఇరుసును వేళ్లతో ఊపి చూడండి. పక్కలకు ఆడితే బుష్ మార్పించాలి. చిన్న పని అది. వాయిదా వేస్తే మోటరు పోతుంది.

మోటరు నెత్తిన నల్లగా, పళ్లున్న చక్రంలా కనబడేది కప్లర్. బ్లేడు ఇరుక్కున్నప్పుడు మోటరు కాలకుండా ముందు తాను అరిగిపోవాలనే దాన్ని మెత్తటి సరుకుతో చేస్తారు. పళ్లు గుండ్రమైతే జార్ జారుతూ గరగరమంటుంది, రబ్బరు వాసన వస్తుంది. దాన్ని మార్చేటప్పుడు ప్లగ్గు పీకి, మోటరు ఇరుసు కదలకుండా పట్టుకుని, మోటరు తిరిగే దిశలోనే కప్లర్‌ను తిప్పితే ఊడుతుంది. చాలామంది ఎదురు దిశలో బలంగా తిప్పి మర పాడుచేస్తారు.

ఇవి రెండూ సరిగ్గానే ఉండి వాసన వస్తే రుబ్బే తీరు మార్చండి. మినప్పప్పు నాలుగు గంటలు నానాలి, జార్ సగానికి మించొద్దు, నాలుగైదు నిమిషాలకోసారి రెండు నిమిషాలు ఆపాలి. ఉన్నట్టుండి ఆగిపోతే అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కడానికి తొందరపడకండి. మోటరు చల్లారాకే నొక్కాలి.

ప్రశ్న: కుక్కర్ విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి పోతోంది. గ్యాస్కెట్ ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

జవాబు: ఫ్రిజ్‌లో పెడితే రబ్బరు కాస్త బిగుస్తుంది, ఒక పూటకి గడుస్తుంది. గట్టిబడిన గ్యాస్కెట్ మళ్లీ మెత్తబడదు, మార్చేయండి, అదీ మీ కుక్కర్ కంపెనీదే, అదే లీటర్లది. కుక్కర్ లోపల నీళ్లు సుమారు 120 డిగ్రీలకు చేరతాయి, ఇక్కడ నకిలీలతో ప్రయోగాలు వద్దు. సేఫ్టీ వాల్వ్ విషయంలో మరీ ముఖ్యం. వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో వండే ముందు చూడండి. పప్పు నురుగు కడుతుంది కాబట్టి సగానికి మించి నింపకూడదు.

ప్రశ్న: మియాపూర్‌లో ఇంటీరియర్ పనులు చేస్తాం. 13 ఎం.ఎం. డ్రిల్ మిషన్లు ఏడాదికొకటి పోతున్నాయి. మంచి రకమే కొంటున్నాం. డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా కొట్టి వదిలేస్తున్నాం.

జవాబు: పోయిన మిషన్లను పారేయకపోతే ఒక్కోదానికీ కార్బన్ బ్రష్‌లు (మోటరుకి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) విప్పి చూడండి. ఐదారు మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలి ఉంటే మోటరు పోలేదు, బ్రష్‌లే అయిపోయాయి. రెండూ కలిపి మార్చాలి, ఒకటే మారిస్తే స్ప్రింగుల ఒత్తిడి తేడా వచ్చి రవ్వలు ఎగురుతాయి. కొత్తవి వేశాక ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పండి, వాటి ముఖం గుండ్రంగా అరిగి కమ్యుటేటర్‌కు (బ్రష్‌లు రాసుకుంటుండగా తిరిగే రాగి భాగం) అతుక్కోవాలి. బ్రష్ ఉండగానే ఆగిపోతుంటే స్విచ్, వైరు మడత పడే చోటు చూడాలి.

సీలింగ్‌కు కన్నాలు వేసేటప్పుడు సిమెంటు దుమ్ము నేరుగా మిషన్‌లోకి పడుతుంది. సగానికి కోసిన రబ్బరు బంతికి కన్నం పెట్టి బిట్‌కు తొడిగితే దుమ్ము దాంట్లోనే ఆగుతుంది. సాయంత్రం బ్లోయర్‌తో గాలి రంధ్రాలు ఊదండి. సన్నటి వైరుతో పొడవైన ఎక్స్‌టెన్షన్ వాడితే వోల్టేజీ పడిపోయి మోటరు వేడెక్కుతుంది, 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగ ఉన్నదే వాడండి. చక్ (బిట్‌ను పట్టుకునే భాగం) మార్చాల్సి వస్తే, రివర్స్ తిరిగే మిషన్లలో చక్ లోపలి మర ఎడమ మర అని మరిచిపోవద్దు. అది కుడివైపు తిప్పితే ఊడుతుంది.

డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తున్నామని రాశారు. అది తేమను తోసేయడానికి, బిగుసుకున్న మరలను విడిపించడానికి తయారైంది. పేరులోని అక్షరాలకు అర్థమే నీటిని తొలగించేదని. గేర్లకు గ్రీజు బదులు అది చాలదు, పైగా ఉన్న గ్రీజును పలచన చేస్తుంది.

ప్రశ్న: విడిభాగం దొరకదు, మోడల్ ఆగిపోయిందని సర్వీస్ సెంటర్‌లో అంటున్నారు. ఇక చేసేదేం లేదా?
– తార్నాక

జవాబు: వాళ్లు చెప్పేది కంపెనీ డబ్బాలో వచ్చే భాగం గురించి. అందులో చాలా భాగాలు ఏ కంపెనీ సొంతమూ కావు. బేరింగ్ తీసి తుడిస్తే దాని మీద నంబరు ఉంటుంది. 6202 అంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 35, మందం 11 మిల్లీమీటర్లు, ఏ కంపెనీదైనా ఇంతే. నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూత. నీళ్లు చిమ్మే చోట రబ్బరుదే అడగండి. ఆ నంబరుతో రాణిగంజ్ వెళ్తే దొరుకుతుంది. బెల్టు మీద కూడా కొలత అచ్చు వేసి ఉంటుంది. ఫ్యాన్ కెపాసిటర్‌కు మైక్రోఫారడ్ అంకె (ఎక్కువగా 2.5) అదే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. ఇలాంటి ఎలక్ట్రానిక్ భాగాలకు కోఠి గుజరాతీ గల్లీ. పేరు చెప్పి అడగడం కన్నా పాత భాగం చేతిలో పట్టుకెళ్లడమే ఎప్పుడూ మేలు.

నిజంగా కంపెనీ భాగమే కావాల్సి వస్తే, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మొదలుపెట్టిన 'రైట్ టు రిపేర్' పోర్టల్‌లో మీ కంపెనీ ఉందేమో చూడండి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్రశ్న: ఆయుధపూజకు పానాలు, పేచ్‌కస్‌లు, కటింగ్ ప్లేయర్లు అన్నీ కడిగి బొట్లు పెట్టాం. నెల తిరక్కుండా సరిగ్గా బొట్టు పెట్టిన చోటే తుప్పు చుక్కలు వచ్చాయి. పూజ మానలేం కదా!
– కుషాయిగూడ, ఆటో మెకానిక్

జవాబు: మానక్కర్లేదు. తడి పసుపు ఆరేదాకా ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది, ఆరాక కూడా గాలిలో తేమ పీలుస్తుంది. ఆ మచ్చ కింద తుప్పు మొదలవుతుంది. కడిగిన వెంటనే ఎండలో అరగంట పెట్టి, పల్చగా నూనె రాసి, ఆ నూనె మీదే బొట్టు పెట్టండి. నూనెకు కుంకుమ బాగా అంటుతుంది, నీళ్లు కలపాల్సిన పనే లేదు. పానాల నోటికి, ప్లేయర్ కీలుకు, అలుగు అంచుకు కాకుండా పిడికి, నడుముకి పెట్టండి. ఉద్వాసన చెప్పిన మర్నాడు పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ ఒకసారి నూనె గుడ్డ.

ఇప్పటికే పడిన చుక్కలు పైపైనే ఉంటాయి. సన్న స్టీల్‌వూల్‌కు నాలుగు చుక్కల నూనె వేసి రుద్దితే పోతాయి, నిమ్మ ఉప్పు దాకా వెళ్లొద్దు. క్రోమ్ పూత లేచిన పానా అయితే లేచిన అంచుల్ని ఆకురాయితో తీసేయండి, చేతిని కోస్తాయి. ఏటా ఆ రోజు డబ్బా మొత్తం ఎలాగూ బయటికి తీస్తారు కాబట్టి, కడిగేటప్పుడే ఒక్కో పానాను కొత్త బోల్టుకు తొడిగి చూడండి. నోరు తెరుచుకుని జారుతున్నదాన్ని పక్కన పెట్టేయండి, అది ఇక బోల్టు తలలు గుండ్రం చేయడానికే పనికొస్తుంది.